ఇంటి దూలానికి పెంచిన చెట్టు

నాకు ముక్కు మీద కోపం, భుజం మీద పంపు. ఇరవై ఏళ్ళకు పైగా ఈ రెండూ నన్ను వదల్లేదు. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఉక్కు పనికని టాటానగర్ వచ్చి భాలుబాసా పేటలో గది తీసుకున్నాడు. నేను అక్కడే పుట్టాను, అక్కడే పెళ్ళయింది, ఇప్పటికీ అక్కడే ఉన్నాను. పని మాత్రం ఊరంతా. టెల్కో కాలనీ క్వార్టర్లలో బొద్దింకలకీ, సోనారి ఇళ్ళలో చెదలకీ, కాలవల్లో దోమలకీ మందు కొడతాను. ఒక కాంట్రాక్టరు కింద ఉద్యోగం. ఆడమనిషి పంపు మోసుకుంటూ వస్తే మొదట్లో జనం వింతగా చూసేవాళ్ళు. నేను తలుపు కొట్టి, "పిల్లల్నీ అన్నం గిన్నెల్నీ బయట పెట్టండి, మిగతాది నాకొదిలేయండి," అనేదాన్ని. నా మందుకి చావని పురుగు లేదని నాకు మహా గొప్ప. ఆ గొప్ప ఎలా దిగిందో చెప్పుకోవాలి.

రెండేళ్ళ కిందట, వానలకి ముందు, కాంట్రాక్టరు నన్ను పిలిచి దల్మా కొండ దిగువన ఉన్న ఒక సంతాల్ ఊరికి వెళ్ళమన్నాడు. అక్కడి అడవిలో సాల్ చెట్లకి తొలుచుపురుగు పట్టింది. మరీ పాడైపోయిన చెట్లని కొట్టి, దుంగల్ని రోడ్డు పక్కన పేరుస్తున్నారు. లారీ ఎక్కి ఆ పురుగు ఇంకో అడవికి పోకుండా, ఎక్కించే ముందు దుంగల మీద మందు కొట్టాలి. రోడ్డు పక్క పేర్పు వరకే నా పని. చెట్ల మధ్యకి మందు తేకూడదని ఆ ఊరివాళ్ళు ముందే షరతు పెట్టారట. మందు మనిషికే షరతులా అని నాకు అప్పుడే కాస్త మండింది.

మా ఆయన టాటానగర్ స్టేషన్లో రైల్వే పని చేస్తాడు. సంగతి చెబితే ఆ పూట నవ్వు ఆపుకోలేకపోయాడు.

"ఏటే, అడవిలో పురుగులకి కూడా నువ్వే కావాల్సొచ్చినావేటి? కాలనీలో బొద్దింకలు సాల్లేదా?"

"నవ్వుకో మావా, నవ్వుకో. ఆ అడవిని నిలబెట్టొత్తాను సూడు."

"నిలబెట్టేది నువ్వా, నీ పంపా?"

మా అమ్మాయి ఫోనులోంచి తల ఎత్తకుండానే, "మమ్మీ కో బోలో హెల్మెట్ పెహన్ కే జాయే, హైవే హై," అంది. మేం తెలుగులో ఎంత వాగినా అది హిందీలోనే జవాబిస్తుంది. మర్నాడు హెల్మెట్ పెట్టుకుని, పంపు స్కూటీ ముందు పెట్టుకుని, మాంగో బ్రిడ్జి దాటి వెళ్ళాను.

సాల్ అంటే మా నాన్న వైపు వాళ్ళు గుగ్గిలం చెట్టు అంటారు. పేరు వినడమే గానీ చెట్టుని ఎప్పుడూ దగ్గరగా చూడలేదు. రోడ్డు పక్కన దుంగల పేర్పు దగ్గర స్కూటీ ఆపగానే ఒక వాసన తగిలింది. మా అమ్మాయి చంటిపిల్లగా ఉన్నప్పుడు తలంటి పోసి, నిప్పుల మీద గుగ్గిలం వేసి, ఆ పొగలో జుట్టు ఆరబెట్టేవాళ్ళం. అచ్చంగా అదే వాసన. కొట్టిన దుంగల్లోంచి కారుతున్న జిగురుది. అడవి మధ్యలో నా బాలింత గది వాసన ఏమిట్రా దేవుడా అని కాసేపు అక్కడే నిలబడిపోయాను.

అప్పుడు చెట్లలోంచి ఒకావిడ వచ్చింది. నా ఈడుదే. సన్నగా, నల్లగా, మోకాళ్ళ దాకా చీర ఎగ్గట్టి, చేతిలో చిన్న గొడ్డలితో. ఊరి సభ ఈ పనంతా ఆవిడకి అప్పజెప్పింది. నేను దీదీ అన్నాను, ఆవిడ నన్ను మొదటి రోజునుంచే దవాయివాలీ అంది, అంటే మందు మనిషి అని. మా మధ్య మాటలన్నీ హిందీలోనే సాగాయి. నాకు గుర్తున్నంత మట్టుకు తెలుగులో పెడుతున్నాను.

"పంపు ఇక్కడే ఉంచి రా. మా అడవి చూపిస్తాను," అంది.

ఆవిడ కింద పాతికమంది దాకా ఆడవాళ్ళు పని చేస్తున్నారు. అంతకు రెండేళ్ళ ముందు దాకా వీళ్ళంతా తెల్లారకముందే షేర్ ఆటోల్లో వేలాడుతూ మా ఊరొచ్చి రేజా పని చేసినవాళ్ళే. ఇటుకలు మోసేవాళ్ళు, కాంక్రీటు తట్టలు అందించేవాళ్ళు. నేను వాళ్ళని రోజూ సాక్చీ దగ్గర కూలీల అడ్డాలో చూసి ఉంటాను, మొహాలు మాత్రం ఎరగను. అడవిని బాగుచేసే పని మాకే ఇవ్వండి, అడవి మాకే తెలుసు అని ఊరి సభ అటవీ ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి సాధించింది. ఇప్పుడు నెలజీతం ఇంటి దగ్గరే.

ముందు పుటుస్ పొదలు తీశారు. రంగురంగుల పూలు పూస్తుంది, ముళ్ళు, నేలంతా అల్లుకుపోయి కింద ఒక్క సాల్ మొలకనీ బతకనివ్వదు. పైపైన నరికితే రెట్టింపు మొలుస్తుంది. వీళ్ళు వేరు మొదట్లో మట్టి లోపలికి ఒక్క దెబ్బ కొట్టి, పొదని పెకలించి తలకిందులు చేసి పెడతారు. వేళ్ళు ఆకాశానికి పెట్టుకుని వరసలు వరసలుగా ఎండిపోతున్న పొదల్ని చూస్తే నాకు నవ్వొచ్చింది. వాటి మధ్య నేలని చూశాక నవ్వు ఆగిపోయింది. అరచేతి ఎత్తున, ఎర్రటి లేతాకులతో, అడుగు వేయడానికి వీల్లేకుండా సాల్ మొలకలు. ఎవరూ నాటలేదట. వెలుతురు తగలగానే వాటంతట అవే లేచాయట.

నడుస్తూ నడుస్తూ ఒక చెట్ల గుంపు దగ్గర దీదీ ఆగి చెప్పులు విప్పింది. నేనూ విప్పాను. అది వాళ్ళ జాహేర్, దేవతలుండే చోటు. గుడి లేదు, గోడ లేదు. ముసలి సాల్ చెట్లు, మొదళ్ళలో కొన్ని రాళ్ళు, అంతే. అక్కడ ఎండుపుల్ల కూడా ఏరరు. తల ఎత్తి చూస్తే చెట్టు చివర కనబడలేదు. నేను ఊళ్ళో పొగగొట్టాలు తప్ప అంత ఎత్తు ఉన్నదాన్ని దేన్నీ చూడలేదు. అవి మనుషులు కట్టినవి, ఇవి వాటంతట అవి నిలబడ్డాయి అనుకుంటూ మెడ నొప్పెట్టేదాకా పైకే చూశాను.

"కింద చూడు," అంది దీదీ.

మూడు చెట్ల మొదళ్ళలో రంపపు పొడి లాంటిది కుప్పగా పడి ఉంది. లోపల పురుగు తొలుస్తూ బయటికి తోస్తున్న పొడి.

అప్పుడు చెప్పింది అసలు సంగతి. అటవీ ఆఫీసరు మంచివాడే. కానీ ఆయన బాధ ఆయనది. ఈ మూడింటిలోంచి పురుగు మిగతా అడవికి పాకితే ఏమీ మిగలదు, కాబట్టి జాహేర్ చెట్లు కూడా కొట్టేయాలన్నాడు. ఊరి సభ ఒక్క వానాకాలం గడువు అడిగింది. వానలు వెళ్ళేసరికి ఏ చెట్టు మొదట్లోనూ కొత్త పొడి కనబడకూడదు. కనబడితే జాహేర్ మీద గొడ్డలి పడుతుంది. పని కూడా వీళ్ళ చేతిలోంచి పోయి మళ్ళీ బయటి కాంట్రాక్టరుకి వెళ్తుంది. ఈ ఆడవాళ్ళంతా మళ్ళీ ఆటోలెక్కి ఇటుకల దగ్గరికి వెళ్తారు.

"మరి పురుగుని ఎలా చంపుతారు? మందు వద్దంటున్నారుగా?" అన్నాను.

"పిలుస్తాం," అంది.

"పిలుస్తారా!"

"పిలిస్తే వస్తుంది."

పిలిస్తే రావడానికి అదేమన్నా మేకపిల్లా అని లోపల నవ్వుకున్నాను.

పద్ధతి ఇదీ. ఆఫీసరు సగం పాడైన ఐదు చెట్లని ఈ పని కోసమే కొట్టుకోమని కాగితం ఇచ్చాడు. వాటిని మూరెడు మూరెడు దుంగలుగా కోసి, చివర్లని గొడ్డలి వెనక భాగంతో దంచుతారు, బెరడు నారనారగా చీలేదాకా. రసం ఊరుతుంది. ఆ దుంగల్ని జాహేర్ చుట్టూ బయట గుట్టలుగా పెట్టి, పైన ఆకుకొమ్మలు కప్పుతారు. చెట్టులో ఉన్న పురుగు పెద్ద వాన పడ్డాక రెక్కలొచ్చి బయటికి వస్తుంది. ఎక్కడున్నా ఆ రసం వాసనకి వస్తుంది. తాగి మత్తుగా పడి ఉంటుంది. చేత్తో ఏరి తల తుంచేయడమే. మిగిలింది కోళ్ళకి.

మొదటి పెద్ద వాన పడింది. రెండు రోజులు ఎడతెరిపి లేదు. మూడో రోజు పొద్దు వాలుతుంటే తెరిపిచ్చింది. నేను పేర్పు దగ్గర పని ముగించుకుని బయల్దేరబోతుంటే దీదీ చెయ్యి పట్టుకుని ఆపింది. అందరం ఒక గుట్టకి కాస్త ఎడంగా, తడి ఆకుల మీద కూర్చున్నాం.

ముందు ఒకటి వచ్చింది. బొటనవేలంత, గోధుమ రంగు, ఒంటికంటే పొడుగు మీసాలు. బరువుగా ఎగురుతూ వచ్చి సరిగ్గా దంచిన చోటే వాలింది. తరవాత రెండు. తరవాత ఏం చెప్పను! గాలి మొత్తం గుర్రుమంది. జాహేర్ లోపల్నించి, నా వెనకనించి, కొండ వైపు నుంచి, తల మీదుగా, చెవి పక్కగా, అన్నీ ఒకే చోటికి. చూస్తుండగానే దుంగ కనబడకుండా పోయింది. మీసాలు కదులుతున్న పురుగుల ముద్ద తప్ప మరేమీ లేదు. నా జన్మలో ఎన్నో వేల పురుగుల్ని చంపి ఉంటాను, ఒక్కటీ నా మాట విని రాలేదు. వీళ్ళు గొడ్డలి తిరగేసి నాలుగు దెబ్బలు వేసి అడవిలో పురుగునంతా పిలిచారు. ఓరి నాయనో అన్నాను, తెలుగులోనే. పక్కనున్నవాళ్ళంతా నవ్వారు.

ఒకటి పట్టుకుని చూశాను. వేళ్ళ మధ్య కిర్‌మని అరిచింది. బొద్దింక ఎప్పుడూ అరవదు. చప్పున వదిలేశాను. దీదీ దాన్ని మళ్ళీ పట్టుకుని, తల తుంచి డబ్బాలో వేసి, "ఇది కూడా అడవిదే. ఎక్కువైపోయింది, అంతే," అంది.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. నాకు చేతుల దురద.

ఆ తరవాత వారం రోజులూ చూశాను. వానలో తడుస్తూ, నడుములు వంచి, పాతికమంది ఒక్కొక్క పురుగునీ వేళ్ళతో ఏరుతున్నారు. గోళ్ళు చీలిపోతున్నాయి. చేతులు జిగురుతో నల్లబడిపోయాయి. రోజూ మధ్యాహ్నం నన్ను కూడా కూర్చోబెట్టుకుని, ఆకులో అన్నం, ఎర్రచీమల పచ్చడి పెడుతున్నారు. నాకేమో పేర్పు దగ్గర గంట పని, తరవాత ఖాళీ. నా పంపులో ఒక్క ట్యాంకుతో అయిపోయేదానికి వీళ్ళకింత బాధెందుకు? జాలి వేసింది. ఇప్పుడు నిజం రాస్తున్నాను గనక రాయాలి, జాలి ఒక్కటే కాదు. నా పనితనం వీళ్ళెవరూ చూడలేదే అన్న ఉక్రోషం కూడా ఉంది.

ఒకరోజు పొద్దున్నే నేను అందరికంటే ముందు చేరాను. గుట్టల మీద పురుగు మూగి ఉంది. దీదీ వాళ్ళు ఇంకా ఊళ్ళోనే ఉన్నారు. పంపు భుజానికి తగిలించుకుని లోపలికి నడిచాను. ఒక గుట్ట, రెండు గుట్టలు, అన్ని గుట్టలూ. పది నిమిషాల్లో పురుగులన్నీ వెల్లకిలా పడ్డాయి. దీదీ రాగానే చెయ్యి చాపి చూపించాను, పండగ బట్టలు చూపించే పిల్లలా.

ఆవిడ అరవలేదు. వంగి దుంగని వాసన చూసింది. వెనక్కి తిరిగి వాళ్ళ భాషలో ఏదో గట్టిగా కేకేసింది. ఇద్దరు ఊళ్ళోకి పరిగెత్తారు. కోళ్ళని గంపల కింద కమ్మమని చెప్పిందట. చచ్చిన పురుగుల్ని అవి తింటే చస్తాయి. తరవాత గొయ్యి తవ్వించి పురుగులన్నిటినీ పూడ్పించింది. అంతా అయ్యాక నా దగ్గరికొచ్చి, "దవాయివాలీ, రేపు ఏం తాగుతాయి?" అంది.

నాకు అర్థం కాలేదు. మర్నాడు అర్థమైంది. పొద్దు వాలే వేళకి పురుగు లేచింది. గుర్రుమంటూ గుట్టల దాకా వచ్చింది, పైన ఒక చుట్టు తిరిగింది, వాలలేదు. నా మందు కంపు. వచ్చినవి వచ్చినట్టే వెనక్కి మళ్ళి జాహేర్ చెట్ల మీద వాలడం నా కళ్ళతో చూశాను. ముసలి చెట్ల బెరడు మీద, ఎక్కడ పగులుంటే అక్కడ. ఇంకో నాలుగైదు రోజులు ఇలాగే సాగితే ప్రతి చెట్టులోనూ గుడ్లే. దుంగల చివర్లు కోసి కొత్తగా దంచి చూశాను. కడిగి చూశాను. ఒక్కటీ రాలేదు. కాగితంలో ఇచ్చిన ఐదు చెట్లూ అయిపోయాయి. దీదీ ఆఫీసరుకి ఫోన్ చేస్తే ఆయన పాపం వెంటనే రాసి పంపుతానన్నాడు. కానీ కొత్త కాగితం పైనుంచి రావాలి, వారమైనా పడుతుంది. పురుగుకి కాగితం అక్కర్లేదు.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతున్నాను. మా ఆయన అడిగాడు, "ఏటయింది? అలగున్నావేటి?"

"అడవి నిలబెడతానన్నాను కదా మావా. పడగొట్టేసినాను."

అంతా చెప్పాను. ఈసారి నవ్వలేదు. "రేపెల్తావా, మానేత్తావా?" అన్నాడు.

"ఏ మొకం పెట్టుకుని ఎల్లమంటావు?"

"ఉన్న మొకవే పెట్టుకుని ఎల్లు. ఆళ్ళు తిడితే పడు. పంపు మటుకు ఒగ్గీసెల్లు."

పంపు ఇంట్లో వదిలి వెళ్ళాను. ఇరవై ఏళ్ళలో భుజం ఖాళీగా పనికి వెళ్ళడం అదే మొదటిసారి. గుట్టల దగ్గర ఎవరూ లేరు. ఊళ్ళోకి వెళ్తే దీదీ ఇంటి దగ్గర అందరూ పోగై ఉన్నారు. ఆ ఇంట్లోకి అంతకుముందు ఒకసారి వెళ్ళాను. పెంకుటిల్లు, గోడలు అద్దంలా అలికి ఉంటాయి. నడి దూలం మాత్రం పుచ్చి కిందికి వంగిపోయింది. దాని కింద ఇంటి మధ్యలో ఒక వెదురు గుంజ ఊతగా పెట్టి ఉంది. వంటింట్లోకి వెళ్ళాలంటే దాన్ని తప్పుకుని వెళ్ళాలి. "వచ్చే ఏడు దూలం మారుస్తాను," అని అప్పుడు చెప్పింది. ఆ దూలం కోసమని పొలం గట్టు మీద ఒక సాల్ చెట్టుంది. ఆవిడ కాపరానికి వచ్చిన ఏడు ఆ మొక్కకి కంచె కట్టి, ఇది నా ఇంటి దూలం అనుకుని పెంచిందట. తిన్నగా, ఒక్క వంకర లేకుండా ఎదిగింది.

ఇప్పుడు అందరూ ఆ గట్టు వైపే నడుస్తున్నారు. దీదీ చేతిలో గొడ్డలి ఉంది.

అడ్డంగా నిలబడ్డాను. "దీదీ, వద్దు. ఇంకెవరిదైనా చూద్దాం. కొనిద్దాం. ఎక్కడినుంచైనా తెప్పిస్తాను," అంటూ ఏదేదో వాగాను.

"గట్టు మీద చెట్లు అడవివి కావు, మా సొంతం. అందరికీ ఉన్నాయి. అందరూ ఇస్తామన్నారు కూడా," అంది. "కానీ నిన్ను రోడ్డు మీదనించి లోపలికి తీసుకొచ్చింది నేను. చెట్టు నాదే పోవాలి."

ఒక్క మాట పరుషంగా అనలేదు. కొడితే బాగుండు అనిపించింది. నేనైతే ఎదుటి మనిషిని ఏడు తరాలు తిట్టి ఉందును.

ఆవిడ చెట్టు మొదట్లో కూర్చుంది. రెండు గింజలు బియ్యం పెట్టి, ఆకుదొప్పలో తెచ్చిన హండియా, ఇంట్లో పులియబెట్టిన అన్నపు కల్లు, కొంచెం కొంచెంగా నేల మీద పోసింది. చెట్టుతో మాట్లాడింది. చాలాసేపు, పక్కింటి మనిషితో మాట్లాడినట్టే. ఏమందో నేను అడగలేదు, ఎవరూ చెప్పలేదు. తరవాత బెరడు మీద అరచెయ్యి ఆనించి, లేచి, మొదటి దెబ్బ తనే వేసింది.

చెట్టు పడ్డప్పుడు నేల అదిరి నా అరికాళ్ళకి తెలిసింది. కోసిన చోట లోపల ఎర్రగా, శుభ్రంగా ఉంది. ఎక్కడా ఒక్క తొలుపు లేదు. దూలానికి అంతకంటే మంచి కర్ర ఉండదు. గుగ్గిలం వాసన గుప్పుమని గట్టంతా కమ్మేసింది. నేను ఆ వాసన పీలుస్తూ ఏడ్చాను, అందరి ముందూ.

"ఏడుపు తరవాత. దంచు," అని దీదీ గొడ్డలి తిరగేసి నా చేతికిచ్చింది.

దంచాను. ఎంతసేపో తెలియదు. అరచేతులు బొబ్బలెక్కి చిట్లాయి, జిగురు తగిలి మండాయి. అయినా ఆపలేదు. అందరం దుంగలు మోసుకెళ్ళి, మందు కంపున్న పాత చోట్లు వదిలేసి, జాహేర్‌కి అవతల పక్క కొత్తగా పేర్చాం. ఆకులు కప్పి తడి నేల మీద కూర్చున్నాం. పొద్దు కొండ వెనక్కి జారింది. గాలి కదల్లేదు. నేను దేవుళ్ళందరికీ మొక్కాను. మావాళ్ళకీ, పేర్లు తెలియకపోయినా ఆ రాళ్ళ దగ్గరుండే వాళ్ళకీ.

చెవి పక్కన గుర్రుమంది. ఒకటి. వచ్చి దుంగ మీద వాలింది, మీసాలు ఆడించింది, మూతి ఆనించింది. తరవాత జాహేర్ చెట్ల మీదనించి పురుగు లేచింది. ముసలి చెట్లు దులుపుకున్నట్టే లేచింది. నిన్న నేను తోలేసిందంతా తిరిగొచ్చింది. ఎంతో ఎత్తునించి, గోధుమ రంగు జల్లులా దిగుతూ, ఒక మనిషి ఇంటి దూలం మీదికి. నా పక్కనే కూర్చున్న దీదీ ఆ రసం తాగుతున్న పురుగుల్ని చూస్తూ ఉంది. ఆవిడ మొహంలో కోపం లేదు, బాధ ఉంది, దాన్ని దాచుకోవడం లేదు. నాకు ఆ క్షణాన ఆ చెట్లకంటే ఈ మనిషే ఎత్తుగా కనిపించింది. మామూలుగా నాకు మనుషుల్ని చూస్తే అలా అనిపించదు. ఇద్దరం కలిసి ఏరడం మొదలుపెట్టాం.

వానలు వెళ్ళిపోయాక ఆఫీసరు వచ్చాడు. జాహేర్ బయట బూట్లు విప్పి, ప్రతి చెట్టు మొదట్లోనూ వంగి, ఆకులు పక్కకి తోసి చూశాడు. ఆయన వెనక ఊరంతా నడిచింది. పాత పొడి వానకి కొట్టుకుపోయింది. కొత్త పొడి ఎక్కడా లేదు. "ఒక్క చెట్టూ కొట్టక్కర్లేదు," అని ఆయన అనగానే ఎవరో డోలు మీద దెబ్బ వేశారు. ఆ పక్క రెండు ఊళ్ళలో కూడా పురుగుని పిలవడం నేర్పమని ఈ ఆడవాళ్ళనే తీసుకెళ్ళారు. మళ్ళీ ఆటోలెక్కారు గానీ ఈసారి ఇటుకల కోసం కాదు.

నేను పంపు పూర్తిగా మానలేదు. టెల్కో క్వార్టర్లలో బొద్దింకని పిలిస్తే రాదు. కానీ వానాకాలం వస్తే సెలవు పెట్టి దుంగలు దంచడానికి వెళ్తాను. దీదీ ఇంటికని మా ఆయన ఒకసారి ఎక్కడో ఇనప గొట్టం సంపాదించి ఆటో మీద వేయించుకుని వచ్చాడు. దూలం బదులు వేసుకోమన్నాడు. దీదీ ఎంతో మర్యాదగా తీసుకుని, దాన్ని పందుల దొడ్డికి అడ్డం పెట్టింది. "ఇనుము మీ ఊరిది. దాని కింద నాకు నిద్ర పట్టదు," అంది. మా ఆయన మొహం చూడాలి!

కిందటేడు వానలకి ముందు వెళ్ళినప్పుడు నన్ను గట్టు మీదికి తీసుకెళ్ళింది. కొట్టేసిన చెట్టు మొద్దు చుట్టూ చిగుళ్ళు లేచి ఉన్నాయి. పదో పన్నెండో, కొన్ని నా నడుమెత్తున, ఎర్రటి ఆకులతో. చచ్చిపోయిందనుకున్నది నేల లోపల ఏడాదంతా బతికే ఉంది.

"వేరు పాతది గనక తొందరగానే ఎదుగుతుంది," అంది దీదీ. "కానీ అన్నీ ఉంచితే ఒక్కటీ దూలమవదు. ఒకటే ఉంచాలి." నడుముకి దోపుకున్న కొడవలి తీసి నా చేతిలో పెట్టింది. "ఏది ఉంచాలో నువ్వు చూడు."

నేను ఇంతవరకూ ప్రాణం తీసే ముందు రెండోసారి ఆలోచించినదాన్ని కాదు. ఆ చిగుళ్ళ చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో నాకే తెలియదు. ఒక్కొక్కదాన్నీ మొదలు దగ్గర పట్టుకుని చూశాను, కూర్చుని చూశాను, ఒక కన్ను మూసి తిన్నదనం చూశాను. దీదీ తొందరపెట్టలేదు. చివరికి ఒకదాన్ని పట్టుకుని, "ఇది," అన్నాను.

"సరే. ఇది నా మనవరాలి ఇంటికి," అంది.

మిగతావన్నీ కోశాను. కంచె ఇద్దరం కలిసి కట్టాం. తరవాత దీదీ ఇంటికి వెళ్ళి, నడింట్లో వెదురు గుంజని తప్పుకుంటూ వంటింట్లోకి నడిచి అన్నం తిన్నాం.